మెట్లు లేని గిటారు

పత్తి డబ్బు చేతికి వచ్చిన వారం అది. దుప్పటిలో చుట్టిన పొడవాటి మూట ఒకటి విజయవాడ నుండి బస్సులో మాతోపాటు వచ్చి పెదకాకానిలో దిగింది. రోడ్డు మీద నుండి ఇల్లు చేరేలోపే నలుగురు ఆపి అడిగారు. అరుగుమీద పెట్టి మూట విప్పగానే పక్కింట్లోనుండి మా పెద్దమ్మ వచ్చింది. కళ్లజోడు సవరించుకుని కిందినుండి పైదాకా చూసి, "ఏందయ్యా ఇది? గిటారుకు మెట్లుంటయ్ గదా! అన్నీ ఊడిపోయిందాన్ని మీకు అంటగట్టినారా?" అని అడిగింది.

మా పెదనాన్న నవ్వారు. ఆయన మా సంఘములో నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన మనిషి. "వయొలిన్‌కు మెట్లున్నయ్యా ఏంది? వాళ్లు వాయించట్లా?" అని, గిటారును ఒళ్లోకి తీసుకుని లావుపాటి తీగను బొటనవేలితో మీటారు. ఆ నాదం చెవికి ఎంత తెలిసిందో, కూర్చున్న చెక్కబల్లకు అంత తెలిసింది. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు.

అప్పటినుండి తెలిసినవారు చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. ఆ వాద్యము ఏమిటి, ఎంత అయింది, మా పిల్లవాడికి కూడా కొనవచ్చునా అని. అందరికీ విడివిడిగా చెప్పేకంటె, మేము పడిన తప్పులతో సహా ఇక్కడ నాలుగు మాటలు వ్రాయడం మేలనిపించింది.

ఎందుకు కొన్నాము?

మా గుడిలో కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద స్పీకర్లు వచ్చిన తరువాత పాట బలపడింది గాని పాడేవారు తగ్గారు. వెనుక వరుసల్లో చాపమీద కూర్చునే పెద్దవాళ్లు పెదవులు కదిలించి ఊరుకోవడం మేము కళ్లారా చూశాము. వాద్యాలను తప్పుపట్టడం మా ఉద్దేశము కాదు, మా అబ్బాయి కూడా ఆ బృందములోనివాడే. వాడికి మొదటినుండి బేస్ గిటారు మీద మనసు. అయితే కరెంటు బేస్ కొంటే దానికి యాంప్లిఫయరు కూడా కావాలి. మా గృహకూటములు పాకల్లోను, వరండాల్లోను జరుగుతాయి. కరెంటు లేకుండా ఇంట్లో కూర్చుని వాయించగలిగినది కావాలనుకున్నాము. ఆ విధంగా అకూస్టిక్ బేస్ గిటారు దగ్గరకు వచ్చాము.

ఇది ఎటువంటి వాద్యము?

బేస్ గిటారు అంటే మంద్రస్థాయిలో పలికే గిటారు. మామూలు గిటారుకు 6 తీగలుంటే దీనికి 4. వాటిని ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. మామూలు గిటారులోని నాలుగు లావు తీగలకంటె ఇవి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతాయి. అన్నిటికంటె లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు, దాని పక్క తీగ 55 సార్లు కంపిస్తాయి. సాధారణంగా తీగ పలికే నిడివి 34 అంగుళాలు ఉంటుంది.

బొబ్బిలి వీణను చూసినవారికి మెట్లంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వీణ దండిమీద మైనములో నిలిపిన 24 మెట్లుంటాయి. తీగను మెట్టుమీద నొక్కితే స్వరము ఎక్కడ పుట్టాలో ఆ మెట్టే నిర్ణయిస్తుంది. గిటారుమీది లోహపు కడ్డీలు చేసే పని కూడా అదే. ఆ కడ్డీలు తీసేస్తే, స్వరము ఎక్కడ పుట్టాలో మన వేలు నిర్ణయించాలి. వేలికి దారి చూపవలసింది చెవి.

ఇది క్రొత్త వింత కాదు. పాశ్చాత్య సంగీతములో నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌కు మెట్లు ఉండవు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ బేస్ గిటారుకు మెట్లు పెట్టి, స్వరము కచ్చితంగా పలుకుతుంది గనుక దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. 1966లో యాంపెగ్ కంపెనీవారు మెట్లు లేని బేస్ గిటారును అమ్మకానికి తెచ్చారు. 1970లలో జాకో పాస్టోరియస్ అనే వాద్యకారుడు మెట్లు తీసేసిన బేస్‌మీద వాయించి, ఆ నాదాన్ని ప్రపంచమంతటా ప్రసిద్ధి చేశాడు. మెక్సికో దేశపు మరియాచి బృందాలలో గిటారాన్ అనే పెద్ద పొట్ట గిటారు ఉంటుంది. దానికి 6 తీగలు, మెట్లు లేవు, కరెంటు అక్కరలేదు. దానిని చూసే ఎర్నీ బాల్ కంపెనీవారు 1972లో ఎర్త్‌వుడ్ అనే అకూస్టిక్ బేస్ గిటారును తయారుచేశారు.

ఒక నిజము ముందే చెప్పాలి. అకూస్టిక్ బేస్ పెద్దగా మ్రోగదు. అంత కింది స్వరాలు బిగ్గరగా పలకాలంటే డబుల్ బేస్‌కు ఉన్నంత పెద్ద పొట్ట కావాలి. ఒక గదిలో ఒక హార్మోనియం, ఒక గిటారు, ఇరవైమంది మెల్లగా పాడేవారు ఉంటే ఇది సరిపోతుంది. డోలక్ గట్టిగా వాయిస్తే వినబడదు. గుడిలో వాయించాలంటే మైకుగాని, లోపల పికప్ అమర్చినదైతే యాంప్లిఫయరుగాని తప్పదు. ఈ సంగతి తెలియక కొని నిరాశపడవద్దు.

మన కీర్తనలకు దీనితో ఉన్న పొత్తు

ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టిన నాటికే తెలుగు దేశములో పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి భక్తులు మన రాగతాళాలలో కీర్తనలు కడుతున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడండి. పాటలమీద శంకరాభరణము, మోహన, ఆనందభైరవి అని రాగము, ఆది, త్రిపుట, చాపు అని తాళము అచ్చయి కనబడతాయి. మన అమ్మమ్మలు ఆ పాటలు పాడినప్పుడు ఒక స్వరమునుండి మరొక స్వరానికి దూకరు, జారుతారు. దానినే గమకమంటారు. హార్మోనియం, కీబోర్డు మీటలు ఆ జారుడును పలికించలేవు. ఈ లోటును పెద్ద కారణంగా చూపి ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు.

వయొలిన్ కథ ఇందుకు భిన్నము. అది యూరపు వాద్యమైనా, బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసులో దానిని నేర్చుకుని కర్ణాటక సంగీతములోకి తెచ్చారు. మెట్లు లేవు గనుక మన గమకము దానిమీద అమరింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893-1964) ఆ వాద్యముతోనే తెలుగువారికి పేరు తెచ్చారు.

మెట్లు లేని బేస్ కూడా అటువంటిదే. వేలు జారిస్తే స్వరము జారుతుంది. అయితే బేస్ పని పాటకు పునాది వేయడం. ప్రతి స్వరమును జారిస్తే పునాది కదులుతుంది. చరణము ముగిసి పల్లవికి వచ్చేచోట ఒక్కసారి మెల్లగా జారి సా మీద నిలిస్తే చాలు. ఇది మాకు పెదనాన్న చెప్పిన మాట.

తక్కువ ఖర్చులో కొన్న విధము

మెట్లు లేకుండా తయారైన అకూస్టిక్ బేస్ కోసం గుంటూరు, విజయవాడల్లో అడిగాము. దుకాణములో పెట్టి అమ్మేవారు మాకు దొరకలేదు. తెప్పించాలంటే మా చేతికి అందని వెల. చివరకు మెట్లున్న మామూలు అకూస్టిక్ బేస్ ఒకటి, పికప్‌తో సహా, విజయవాడలో ఒక తమ్ముడి దగ్గర పాతది దొరికింది. 9,000 రూపాయలకు ఇచ్చాడు. మెట్లు తీయిద్దామని అక్కడే ఒక రిపేరు దుకాణములో ఇచ్చి 1,200 కట్టాము.

అక్కడ దెబ్బతిన్నాము. ఆ పనివాడు మెట్లను వేడిచేయకుండా పట్టుకుని పీకేశాడు. పలకమీద చెక్క పెచ్చులు పెచ్చులుగా లేచింది. "అది అట్లాగే ఉంటదండీ" అన్నాడు. పెద్దమ్మ అరుగుమీద చూసింది ఆ గాయాల గిటారునే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నము సరిగా సహించలేదు. పురుగుమందు కొట్టు బాకీ ఇంకా తీరలేదు, ఈ డబ్బు అక్కడ కట్టినా పోయేది కదా అని మాలో మేము అనుకున్నాము.

మరునాడు మా ఊరి వడ్రంగి మేస్త్రి వచ్చి చూశాడు. గాడుల్లో పలుచని చెక్క పేళ్లు జిగురుతో దిగగొట్టి, లేచిన పెచ్చులను అతికించి, ఆరిన తరువాత చదునైన చెక్కముక్కకు ఉప్పు కాగితము చుట్టి నిలువునా రుద్దాడు. తెల్ల చెక్క వాడాడు గనుక మెట్లు ఉన్నచోట తెల్లని గీతలు మిగిలాయి. నేర్చుకునేవాడికి ఆ గీతలే గురుతులు. 500 రూపాయలు తీసుకున్నాడు. తీగల జతకు 3,000 అయింది. అంతా కలిపి 13,700 రూపాయలు.

సరియైన పద్ధతి తరువాత తెలుసుకున్నాము. ఒక్కొక్క మెట్టును సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి, ఒక కొసనుండి కొంచెం కొంచెంగా, అంచు చదునైన కట్టరుతో లేపాలి. అప్పుడు చెక్క లేవదు. మెట్లు పోయాక తీగలు పలకకు మరీ ఎత్తున ఉంటాయి గనుక, పైన తీగలు ఆనుకునే నట్టు గాడులను, కింద బ్రిడ్జి మీది ఎముక పట్టీని కూడా తగ్గించాలి. ఈ పని తెలిసినవాడేనా అని ముందు అడిగి, అతడు చేసిన మరొక వాద్యమును చూసిన తరువాతనే ఇవ్వండి.

పాతది కొనేవారు చూడవలసినవి

మొదట, మెడను కాడి వంకర చూసినట్లు ఒక కొసనుండి కన్నుపెట్టి చూడండి. కొద్దిపాటి వంపు ఉండవచ్చు, మెలి ఉండకూడదు. మెడలోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని మర తిరుగుతున్నదో లేదో అమ్మేవాడి చేతనే తిప్పించి చూడండి. బిగుసుకుపోయి ఉంటే వదిలివేయండి.

రెండవది, బ్రిడ్జి వెనుక అంచు కింద కాగితము దూరుతుందేమో చూడండి. దూరితే జిగురు వదులుతున్నట్లే. పొట్ట బాగా ఉబ్బి ఉన్నా తీసుకోవద్దు. బేస్ తీగల లాగుడు చాలా ఎక్కువ.

మూడవది, బిరడాలు తిప్పి శ్రుతి చేసి, పావుగంట మాట్లాడి మళ్లీ మీటి చూడండి. శ్రుతి నిలవాలి. పికప్ ఉంటే బ్యాటరీ వేయించి వినండి.

నాలుగవది, తీగలు. మామూలు బేస్‌కు గరుకు చుట్టు తీగలుంటాయి. అవి మెట్లు లేని పలకను ఆకురాయిలా అరగదీస్తాయి. చదునైన చుట్టు తీగలుగాని, నైలాన్ పట్టీ చుట్టినవిగాని వేయించండి. వెల కొంచెం ఎక్కువైనా ఏళ్ల తరబడి వస్తాయి, చెక్క నిలుస్తుంది.

చెవికి పాఠము

మట్టల ఆదివారము నాటికి మా అబ్బాయి మూడు నెలలు సాధన చేశాడు. ఆ రోజు కానుకల పాటకు గుడిలో వాయించాడు. రెండవ చరణానికే పాట కిందికి కుంగిపోయింది. స్త్రీలు ఒక శ్రుతిలో, కీబోర్డు ఒక శ్రుతిలో. వాడు మధ్యలో ఆపి తల దించుకున్నాడు. ఇంటికి వచ్చి, "దీన్ని అమ్మేయండి నాన్నా" అన్నాడు. కొన్నవాళ్లముగా మాకూ ముఖము చెల్లలేదు.

ఆ సాయంకాలము పెదనాన్న తన హార్మోనియం మోసుకుని మా ఇంటికి వచ్చారు. "ఏదీ, నీ వేలు ఎక్కడ పెడుతున్నావో చూపించరా" అన్నారు. తప్పు వెంటనే దొరికింది. మెట్లున్న గిటారుకు వేలు మెట్టు వెనుక పెడతారు. మెట్లు లేనిదానికి వేలి కొన సరిగ్గా గీతమీదనే ఉండాలి. వీడు పాత అలవాటు చొప్పున గీత వెనుక పెడుతున్నాడు. ప్రతి స్వరము కొంచెం తగ్గి పలుకుతున్నది.

మరునాటి నుండి రోజూ ఆయన హార్మోనియంమీద సా ఒక్కటే నొక్కిపట్టి ఉండేవారు. అబ్బాయి ఆ సా ను బేస్‌మీద పట్టాలి. రెండు స్వరాలు దగ్గరగా వచ్చి ఇంకా కలవనప్పుడు వావ్, వావ్ మని ఒక అల వినబడుతుంది. ఒకటి 55 సార్లు, మరొకటి 57 సార్లు కంపిస్తే సెకనుకు రెండు అలలు. వేలు సరియైనచోటికి జరిగేకొద్దీ అల నిదానించి, కలిసినప్పుడు ఆగిపోతుంది. ఎవరి ఇంట్లోనైనా చేయదగిన సాధన ఇది. హార్మోనియం లేకపోతే తంబూరా శ్రుతి పెట్టె చాలు.

గురుతులకు కొన్ని కొలతలు చెబుతాము. 34 అంగుళాల తీగకు సరిగ్గా సగము, అంటే 17 అంగుళాల దగ్గర పై సా ఉంటుంది. మూడవ వంతు, అంటే 11 అంగుళాల పైచిలుకు దగ్గర పా. నాలుగవ వంతు, 8న్నర అంగుళాల దగ్గర మా. ఈ మూడుచోట్ల తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే గంటవంటి సన్నని నాదము వస్తుంది. అది వచ్చినచోటు ఏ టేపూ లేకుండా స్థానాన్ని చూపుతుంది. నట్టు దగ్గర ఒక స్వరస్థానానికి తరువాతి దానికి దాదాపు 2 అంగుళాల ఎడము ఉంటే, సగము దగ్గరకు వచ్చేసరికి అది అంగుళములోపుకు తగ్గుతుంది. అందుచేత కిందిభాగములో నాలుగు వేళ్లను బలవంతంగా చాచకుండా, చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు వాడి, ఉంగరపు వేలును చిటికెనవేలికి తోడుగా ఉంచడం డబుల్ బేస్ వారి పద్ధతి. చేతికి నొప్పి తక్కువ.

ఏమి వాయించాలి? మొదటి ఏడాది సా, పా రెండు చాలు. ఆది తాళములో 8 దెబ్బలు, 4, 2, 2 గా విడుతాయి. 1, 5, 7 దెబ్బలమీద మీటండి. ఏడు దెబ్బల త్రిపుటకు 3, 2, 2 గనుక 1, 4, 6. మిగతాచోట్ల ఊరుకోవాలి. పాడేవారికి ఊపిరి తీసుకునే చోటు కావాలి కదా.

ఎండలు, వానలు

మా ప్రాంతపు ఎండలు అందరికీ తెలిసినవే. రేకుల గదిలోను, ఎండలో నిలిపిన ఆటోలోను గిటారు ఉంచితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగల ఎత్తు మారుతుంది. అప్పుడు మెడలోని మరను పావు చుట్టుకంటె ఎక్కువ తిప్పకుండా, ఒకరోజు ఆగి చూడాలి. వాయించిన ప్రతిసారి పొడి నూలుగుడ్డతో తీగలను, పలకను తుడవండి. మిరపకాయలు ఎండబోసే దినాల్లో సంచిలోనుండి బయట పెట్టవద్దు. ఆ దుమ్ము తీగలకు పట్టి వేళ్లకు, అక్కడినుండి కళ్లకు చేరుతుంది. మేము అనుభవించి చెబుతున్న మాట.

ఆదరణ కూటము

జూలై వానల్లో పెదనాన్న ప్రభువునందు నిద్రించారు. రెండు రోజుల జ్వరము, అంతే. ఆదరణ కూటము వారి ఇంటి వరండాలోనే జరిగింది. సాయంకాలము గాలివానకు కరెంటు పోయింది. తెచ్చిన కీబోర్డు, స్పీకర్లు మూగపోయాయి. హార్మోనియం గోడవారన మూతవేసి ఉంది, దానిని ముట్టుకోవడానికి ఎవరికీ చేయి రాలేదు. అయ్యగారు మా అబ్బాయివైపు చూసి, "నాయనా, నీది తీసుకురా" అన్నారు.

వాడు వెళ్లి తెచ్చి, పాడే పెద్దల మధ్య పీటమీద కూర్చున్నాడు. లాంతరు వెలుగులో పలకమీది గీతలు కనబడలేదు. కళ్లు మూసుకుని సా పట్టాడు. మొదట పెద్దమ్మ గొంతు లేచింది. గుడిలో ఎన్నో నెలలుగా మేము వినని గొంతు అది. ఆమె ఎక్కడ జారితే అక్కడ వాడు జారాడు, ఆమె ఏడ్పు ఆపుకోలేక ఆగినచోట వాడూ ఆగాడు. వెనుక చాపమీద ఉన్న ముసలివారంతా అందుకున్నారు. పాట చివరిదాకా శ్రుతి కుంగలేదు.

ఆ కూటము తరువాత మా సంఘపెద్దలు, అయ్యగారు, యౌవనస్థులు కూర్చుని మాట్లాడుకున్నారు. నెలలో మొదటి ఆదివారము రెండు కీర్తనలు స్పీకర్లు ఆపి పాడుదామని తీర్మానించారు. చిన్న మార్పే, కాని వెనుక వరుసలు మళ్లీ వినబడుతున్నాయి.

కొనదలచినవారికి

అప్పుచేసి కొనవద్దు. పిల్లల ఫీజు, కొట్టు బాకీ ముందు తీర్చండి. చేతిలో మిగిలినదానితో పాతది వెదకండి, ఆలస్యమైనా దొరుకుతుంది. మెట్లున్నదే దొరికితే ఒక ఏడాది అట్లాగే వాయించి, చెవి కుదిరిన తరువాత మెట్లు తీయించండి, తీసినవాటిని మళ్లీ పెట్టించడం కష్టము. అన్నిటికంటె ముందు మీ వీధిలో హార్మోనియం వాయించే పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే ఈ వారమే పిల్లవాణ్ని ఆయన దగ్గరకు పంపండి. మేము ఇంకొక నెల ఆలస్యము చేసి ఉంటే, మాకు ఆ అవకాశము ఉండేది కాదు.

ఇప్పుడు సాయంకాలపు కుటుంబ ప్రార్థనకు పెద్దమ్మ మా ఇంటికే వస్తుంది. పెదనాన్న హార్మోనియం మా అరుగుమీదే ఉంది. ఆమెకు వాయించడం రాదు. ఏ మీట నొక్కాలో మా అబ్బాయి చూపించాడు. పాట మొదలుపెట్టేముందు ఆమె ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ, మరొక చేతి వేలితో ఆ మీట నొక్కి పట్టుకుని, "కలిసిందా అయ్యా?" అని అడుగుతుంది. వాడు వేలు కొంచెం జరిపి, "కలిసింది నాయనమ్మా" అంటాడు. అప్పుడు పాట ఎత్తుకుంటాము.